డ్రెస్సు ఎక్కడ కొనాలో బడి చెప్పొచ్చా?

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడి ఖర్చు గురించే. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఏప్రిల్‌లోనే కొత్త తరగతులు మొదలవుతాయి కాబట్టి డ్రెస్సు, బూట్లు, భోజనం డబ్బులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలు పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడికి వెళ్తున్నారు. రోజువారీ డ్రెస్సు రెండు జతలు, బుధవారానికి హౌసు టీషర్టు, శనివారానికి తెల్ల డ్రెస్సు, రెండు రకాల బూట్లు, టై, బెల్టు, అన్నీ ఒకే దుకాణంలో కొనాలట. ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు దాటింది. బయట కుట్టిస్తే గేటు దాటనివ్వమంటున్నారు. అలా అనే హక్కు వాళ్లకుందా? (ఒక తల్లి, పర్లాకిమిడి)

డ్రెస్సు రంగు, రకం నిర్ణయించే అధికారం బడిదే. దాన్ని ఫలానా దుకాణంలోనే కొనమని బలవంతపెట్టడం వేరే సంగతి. బడి సీబీఎస్‌ఈ కిందది అయితే ఆ బోర్డు గుర్తింపు నిబంధనల్లోనే ఉంది: పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, సంచులు బడి దగ్గరో, ఒక ప్రత్యేక దుకాణంలోనో కొనమని తల్లిదండ్రులను ఒత్తిడి చేయకూడదు. రాష్ట్ర బోర్డు బడి అయితే జిల్లా విద్యాధికారికి రాసి ఇవ్వాలి. కలెక్టరు, ఎస్పీ కలిసి సోమవారం వినే జాయింట్ గ్రీవెన్స్‌లోనూ ఇవ్వొచ్చు. ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ 'జన సుణాణి'లో పెడితే ఫిర్యాదు నంబరు వస్తుంది, అది దాచుకోండి. దుకాణం బిల్లు ఇవ్వకపోయినా, ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకున్నా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు.

గేటు బయట నిలబెడతామన్న మాటకి భయపడకండి. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. డ్రెస్సు కోసం చిన్నపిల్లని అందరి ముందూ బయట నిలబెట్టడం వేధింపే. కానీ ఆ పోట్లాట పిల్ల భుజాల మీద పెట్టకండి. తరగతులు మొదలయ్యాక ఒక్కరే వెళ్లి అడిగితే పని జరగదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పదిహేను మంది తల్లిదండ్రులు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి. ఆ కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులో రాసింది ఆఫీసులో ఎవరూ చదవలేక పక్కన పడుతుంది. నకలు మీద 'అందింది' అని తేదీతో సీలు వేయించుకోండి.

కాగితంలో ధర తగ్గించమని బతిమాలుకోవద్దు. నాలుగు విషయాలు అడగండి. గుడ్డ రంగు, మిల్లు పేరు, నాణ్యత పేరు చెప్పాలి. కాలరు, జేబు, మడతల నమూనా చూపించాలి. బడి గుర్తు బ్యాడ్జీని విడిగా అమ్మాలి. ఏ రోజుకి ఏ డ్రెస్సో, వచ్చే ఏడాది మారుతుందో లేదో రాసివ్వాలి. ఈ నాలుగూ చేతికొస్తే దుకాణం పట్టు సగం సడలుతుంది.

అసలు కిటుకు గళ్ల గుడ్డలో ఉంది. సాదా నేవీ బ్లూ, సాదా తెలుపు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అందుకే చాలా బడులు ప్రత్యేకమైన గళ్లు ఎంచుకుంటాయి, ఆ తాను ఒక్క దుకాణానికే వస్తుంది. దుకాణంలో తాను విప్పినప్పుడు అంచు చూడండి. మిల్లు సూటింగు గుడ్డకి అంచు పొడుగునా మిల్లు పేరు, రకం పేరు, కొన్నిటికి పాలియెస్టర్, విస్కోసు పాళ్లు కూడా సన్నటి అక్షరాల్లో ఉంటాయి. ఆ అంచుని ఫోటో తీసుకుని బరంపురంలోనో విజయనగరంలోనో హోల్‌సేలు దుకాణంలో చూపిస్తే అదే తాను దొరికే అవకాశం ఉంది. పదిమంది కలిసి ఒకే తాను నుంచి కొనండి. వేర్వేరు తానులకి రంగు పట్టడంలో తేడా వస్తుంది. చొక్కా ఒక తానుది, స్కర్టు ఇంకో తానుదైతే మొదటి ఉతుకుకే బయటపడుతుంది.

ఎంత గుడ్డ కావాలంటే: ఎనిమిదేళ్ల పిల్లాడికి, అంటే 125 సెం.మీ. పొడవుకి, 58 అంగుళాల పన్నాలో పొట్టిచేతుల చొక్కాకి మీటరు లోపు చాలు. 36 అంగుళాల పన్నాలో మీటరున్నర కావాలి. నిక్కరుకి 58 అంగుళాల పన్నాలో అర మీటరు. ఫుల్ ప్యాంటుకి దాని పొడవు, దాని మీద 12 సెం.మీ., ఎందుకంటే సన్నటి పిల్లలకి రెండు కాళ్లూ పన్నాలోనే పక్కపక్కన సరిపోతాయి. ఆడపిల్లల స్కర్టు దగ్గరే లెక్క మారిపోతుంది. నడుము చుట్టూ పూర్తి మడతలు పెడితే నడుము కొలతకి మూడింతల గుడ్డ పడుతుంది. నడుము 56 సెం.మీ. అయితే 168 సెం.మీ. కావాలి. 58 అంగుళాల పన్నా అంటే 147 సెం.మీ.యే. అంచేత రెండు ముక్కలు జోడించాలి, గుడ్డ రెట్టింపవుతుంది. ముందు నాలుగు, వెనక నాలుగు పెట్టె మడతలతో సరిపెడితే రెండింతలు, అంటే 112 సెం.మీ. చాలు, ఒకే పన్నాలో అయిపోతుంది. అబ్బాయిల డ్రెస్సు కంటే అమ్మాయిల డ్రెస్సు ఖరీదెక్కడానికి ముఖ్య కారణం ఈ మడతలే. నమూనా మార్చమని ఆడపిల్లల తల్లులు గట్టిగా అడగాలి.

చొక్కాకి నూలు పాప్లిన్ అయితే కోసే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. నూరు సెం.మీ.కి మూడు నుంచి అయిదు సెం.మీ. కుంచించుకుపోతుంది. టైలరు తొందరలో ఈ పని మానేస్తాడు, నెల తిరిగేసరికి చొక్కా బొడ్డు పైకొస్తుంది. పాలియెస్టర్ ఎక్కువున్న గుడ్డ కుంచించుకోదు గానీ ఏప్రిల్ ఎండలో పిల్లలకి చెమటకాయలు తెప్పిస్తుంది.

బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో బట్ట గానీ, బూట్ల జత గానీ రూ.2500 మించకపోతే జీఎస్‌టీ 5 శాతమే. 12 అని, 18 అని చెప్పి వసూలు చేస్తే ఆ బిల్లే మీ చేతిలో సాక్ష్యం.

ప్రశ్న: మా గుంటడికి జూన్‌లో కుట్టించిన ప్యాంటు సంక్రాంతికే చీలమండ పైకొచ్చేస్తంది. పెద్దది కొంటే జోలెలాగ వేలాడతంది. ఏటి చెయ్యాల? (గుణుపురం నుంచి ఒక తండ్రి)

అయిదేళ్ల నుంచి ఈడొచ్చేదాకా పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెం.మీ. పెరుగుతారు. అందులో సగం దాకా కాళ్లలోనే. అంటే ప్యాంటుకి ఏడాదికి 3 సెం.మీ. కావాలి. కాబట్టి సైజు పెంచి కొనకండి. సరైన సైజులో కుట్టించి కింద 7, 8 సెం.మీ. లోపలి మడత వదలమనండి. రెండేళ్లు వస్తుంది. రెడీమేడ్ ప్యాంటుకి సాధారణంగా 2, 3 సెం.మీ. మించి ఉండదు, అందుకే మీకిలా అయింది. నడుము దగ్గర వెనక కుట్టుకి రెండు పక్కలా మూడేసి సెం.మీ. గుడ్డ ఉంచితే విప్పుకోవచ్చు.

మడతని మిషను మీద కొట్టనివ్వకండి, చేతి హెమ్మింగ్ చేయించండి. పాలియెస్టర్ గుడ్డ మీద మిషను సూది చిల్లులు విప్పాక కూడా కనిపిస్తాయి. మడత విప్పాక పాత గీత మిగిలితే, కప్పు నీళ్లలో చెంచా వెనిగరు కలిపి, గుడ్డ ముక్క తడిపి ఆ గీత మీద వేసి ఇస్త్రీ చేయండి. గీత అణుగుతుంది. రంగు వెలిసిన తేడా మాత్రం పోదు, దాని మీదుగా అదే రంగు దారంతో రెండు వరసలు కుట్టిస్తే డిజైనులా కలిసిపోతుంది.

చొక్కాలో పొడవు కంటే భుజమే ముందు చాలకుండా పోతుంది. భుజం దగ్గర ఒకటిన్నర సెం.మీ. వదులు చాలు, అంతకు మించితే జారిపోతుంది. ఆడపిల్లల ట్యూనిక్‌కి భుజం పట్టీ 5 సెం.మీ. పొడుగ్గా ఉంచి గుండీ జరుపుకోవాలి. బూట్లలో బొటనవేలి ముందు 1 సెం.మీ. ఖాళీ ఉంటే చాలు. ఒక సైజు అంటే సుమారు 8 మి.మీ. అంచేత రెండు సైజులు పెంచి కొంటే పిల్లాడు కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు, మడమ దగ్గర బూటు ముందే విరుగుతుంది. ఆ కొన్నది కూడా దండగే.

ప్రశ్న: సర్కారు బడిలో ఇచ్చిన డ్రెస్సు మా పాపకి పట్టడం లేదు. తిరిగిస్తే మళ్లీ ఇవ్వరేమోనని సంతకం పెట్టేశాం. (కాశీనగర్ దగ్గర ఒక ఊరి నుంచి)

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడిలో చదివే ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ, దారిద్ర్యరేఖ కింది కుటుంబాల మగపిల్లలకీ ఏడాదికి రెండు జతల కోసం తలకి రూ.600 వరకు కేంద్రం లెక్కలో ఉంది. జతకి మూడు వందలు. ఆ డబ్బులో గుడ్డ, కుట్టుకూలి రెండూ తేలాలి కాబట్టి కొలతలు తీసేవాళ్లు ఒక్కొక్క పిల్లకీ టేపు పెట్టకుండా తరగతిని బట్టి సైజు రాసేస్తారు. నాలుగో తరగతి అంటే ఒకే సైజు. పొట్టి పిల్లకి వదులు, పొడుగు పిల్లకి బిగుతు.

సంతకం పెట్టినా ఫరవాలేదు. పాఠశాల నిర్వహణ కమిటీకి ఇప్పుడే రాసివ్వండి: పాప పేరు, తరగతి, ఛాతీ, నడుము, పొడవు కొలతలు, ఇచ్చిన డ్రెస్సు కొలతలు. 'బిగుతుగా ఉంది' అని రాస్తే సరిపోదు, సెంటీమీటర్లు రాయండి. కమిటీలో కనీసం ముప్పావు వంతు మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలనీ, సగం మంది ఆడవాళ్లు ఉండాలనీ విద్యా హక్కు చట్టం చెబుతోంది. ఆ కూర్చున్నవాళ్లలో మీ ఇరుగుపొరుగు వాళ్లే ఉంటారు. వచ్చే ఏడాది నుంచి మాత్రం డ్రెస్సు తొడిగి చూశాకే రిజిస్టరులో సంతకం పెట్టండి. జాబితాలో పాప పేరు, ఆధార్‌లో పేరు ఒకే అక్షరాలతో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. తెలుగు ఇంటిపేర్లు ఒడియాలో రాసేటప్పుడు మారిపోయి, పేరు కలవక పిల్లలు జాబితాలోంచి తప్పిపోవడం మన జిల్లాల్లో మామూలే.

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక బడిలో గ్యాసు ఖర్చుకని నెలకి పిల్లకి ఇరవై రూపాయలు అడుగుతున్నారు. పప్పు నీళ్లలా ఉంటోంది. వంటవాళ్లని అడిగితే డబ్బు రావట్లేదంటారు. ఎవరిది తప్పు? (రాయగడ జిల్లా నుంచి ముగ్గురు తల్లులు)

డబ్బు అడగకూడదు. సర్కారు బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉచితమని జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013లోని 5వ సెక్షన్ చెబుతోంది. గ్యాసుకని, కట్టెలకని, ఉప్పుకని పిల్లల దగ్గర పైసా తీసుకోకూడదు. సెలవు రోజులు తప్ప ప్రతి బడి రోజూ పెట్టాలి.

పప్పు సంగతి లెక్కతో చూద్దాం. ప్రాథమిక తరగతుల పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రా., పప్పు 20 గ్రా., కూరగాయలు 50 గ్రా., నూనె 5 గ్రా. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 150, 30, 75, 7.5. బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది. మిగతా సరుకులకీ, వంటచెరకుకీ 2025 మే 1 నుంచి చిన్న తరగతుల పిల్లకి రూ.6.78, పెద్ద తరగతుల పిల్లకి రూ.10.17.

మీ బడిలో అరవైమంది హాజరైన రోజు అనుకోండి. బియ్యం 6 కిలోలు, పప్పు కిలో 200 గ్రా., కూరగాయలు 3 కిలోలు, నూనె 300 గ్రా. కావాలి. చేతికొచ్చే డబ్బు రూ.406.80. పప్పు కిలో 120, కూరగాయలు సగటున 40, నూనె 150 చొప్పున వేస్తే 144, 120, 45, మొత్తం 309. గ్యాసుకీ, ఉప్పుకీ, పసుపుకీ, పోపుకీ మిగిలేది 98 రూపాయలు. బిగువే గానీ, డబ్బు వేళకి వస్తే నడుస్తుంది. డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యమైతే వండే మహిళా సంఘం కిరాణా కొట్లో అప్పు పెడుతుంది. కొట్టువాడు ధర పెంచి ఇస్తాడు. ఆ తేడా పప్పులోంచి తీసేస్తారు. మీరు అడగాల్సిన మొదటి మాట 'పప్పు ఎందుకు పలచన' అని కాదు, 'ఆఖరుసారి డబ్బు ఏ నెలది వచ్చింది' అని. అది ప్రధానోపాధ్యాయుడి దగ్గరున్న రిజిస్టరులో, బ్యాంకు పాసుపుస్తకంలో కనిపిస్తుంది. వంటమనిషికి కేంద్రం లెక్కలో ఇచ్చేది నెలకి వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే, 2009 నుంచి మారలేదు. రాష్ట్రం పైన కొంత కలుపుతుంది. ఆ ఆడవాళ్ల మీద అరిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

పరీక్ష చేయడం తేలికే. కిలో 200 గ్రా. పప్పుతో మామూలు చిక్కదనంలో 6, 7 లీటర్ల పప్పు అవుతుంది. గిన్నె ఎన్ని లీటర్లదో ముందే తెలుసుకోండి. పది లీటర్ల గిన్నె అంచుదాకా ఉంటే పప్పు తక్కువ పడిందనో, నీళ్లు ఎక్కువ పోశారనో అర్థం. గరిటె అడుగుదాకా దింపి నిదానంగా పైకి తీసి వంచండి. పలుకు గరిటెకి పట్టి ఆగి ఆగి జారాలి, నీళ్లు ముందు కారిపోయి పలుకు గరిటెలో మిగలకూడదు. దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) రోజున కూరగాయ ముక్కలు కూడా అందులోనే లెక్క: ఒక్కో పిల్లకి 50 గ్రా. అంటే బొప్పాయి, గుమ్మడి, వంకాయ, బంగాళాదుంప ముక్కలు గుప్పెడు పడాలి. అన్నం వంద గ్రాముల బియ్యానికి పావు కిలో పైనే అవుతుంది. పిల్ల పళ్లెంలోది పెద్దవాళ్ల దోసిలి నిండా ఉండాలి. ఒడిశాలో వారానికి రెండు రోజులు గుడ్డు ఉంటుంది. ఆ రోజున హాజరు ఎంతో, ఉడికించిన గుడ్లెన్నో లెక్కపెడితే చాలు, అంతకంటే ఖచ్చితమైన తనిఖీ లేదు.

మధ్యాహ్న భోజనం గురించిన 2015 నాటి నిబంధనల ప్రకారం పిల్లలకి వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలి, అందులో కనీసం ఒక టీచరు ఉండాలి. తల్లులు వంతులు వేసుకుని ఆ పనికి వెళ్లండి. రుచి చూసినట్టు రిజిస్టరులో తేదీతో రాయించండి. ఏ కారణంతోనైనా భోజనం పెట్టని రోజుకి, ఆ రోజు బియ్యం, వంట డబ్బు ఆహార భద్రతా భత్యంగా మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. వరసగా మూడు బడి రోజులు గానీ, నెలలో అయిదు రోజులు గానీ భోజనం ఆగితే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. ఇది చాలామంది టీచర్లకే తెలియదు. అందుకని భోజనం ఆగిన తేదీలు ఇంటి క్యాలెండరు మీద గుర్తుపెట్టండి. ఆ క్యాలెండరు పట్టుకునే బ్లాకు విద్యాధికారి దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: బరంపురంలో మా అబ్బాయి చదివే ప్రైవేటు బడిలో ఈ ఏడు నుంచి భోజనం తప్పనిసరి, నెలకి పన్నెండు వందలు అన్నారు. ఇంటి డబ్బా ఒప్పుకోరట. కట్టాలా?

ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఉచిత భోజనం పెట్టే బాధ్యత చట్టంలో లేదు. డబ్బు తీసుకుని పెట్టొచ్చు. అయితే కట్టేముందు కొన్ని తేల్చుకోండి. నెలకి 24 పనిదినాలైతే పూటకి 50 రూపాయలు పడుతోంది. దసరా సెలవులు, వేసవి సెలవులున్న నెలల్లో కూడా అదే పన్నెండు వందలు తీసుకుంటే పూట ఖరీదు రెట్టింపవుతుంది. పిల్లాడు వారం పైగా రాకపోతే డబ్బు వెనక్కిస్తారా, రాసివ్వమనండి. వండేవాళ్లకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ చూపించమనండి, అది 14 అంకెల నంబరు. బడిలో ఆహారం అమ్మినా, వడ్డించినా ఆ రిజిస్ట్రేషన్ ఉండాలని ఆ సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. వేరుశనగ, గుడ్డు, పాలు పడని పిల్లలకి డాక్టరు చీటీ జతచేసి ఇంటి డబ్బా అనుమతి అడగండి. ఒంటికి పడదని డాక్టరు రాసిన దాన్ని కాదని తినిపించడానికి ఏ బడీ ముందుకు రాదు.

ప్రశ్న: 25 శాతం సీట్ల కింద ప్రైవేటు బడిలో మా పాపకి సీటొచ్చింది. ఫీజు లేదు గానీ డ్రెస్సు, పుస్తకాలకి నాలుగు వేలు కట్టమన్నారు. (జయపురం)

కట్టొద్దు. విద్యా హక్కు చట్టం కింద 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో అయిదో నియమం స్పష్టంగా ఉంది: 12(1)(సి) సెక్షన్ కింద, అంటే ఈ 25 శాతం సీట్లలో చేరిన పిల్లలకి పాఠ్యపుస్తకాలు, రాతసామగ్రి, యూనిఫాం ఉచితం. చట్టం 3వ సెక్షన్ కూడా ఎలిమెంటరీ చదువుకి అడ్డయ్యే ఏ ఫీజూ, ఖర్చూ పిల్ల మీద పడకూడదంటోంది. ఇప్పటికే కట్టేసి ఉంటే రసీదు పోగొట్టుకోకండి. రసీదు ఇవ్వలేదంటే కట్టిన రోజు, మొత్తం, తీసుకున్నవారి హోదా రాసి జిల్లా విద్యాధికారికి ఇవ్వండి.

ప్రశ్న: పాతపట్నంలో మా చెల్లెలి పిల్లలకి బ్యాగు, బూట్లు, బెల్టు, పుస్తకాలు అన్నీ కిట్టుగా ఇచ్చారు. పక్కనే ఉన్న మాకెందుకు ఇవ్వరు?

అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం, ఆ రాష్ట్ర సర్కారు బడుల్లో చదివే పిల్లలకి వర్తిస్తుంది. మీ పిల్లలు ఒడిశా బడిలో ఉన్నంతకాలం ఒడిశా ఇచ్చేవే వస్తాయి. కిట్టు కోసం అవతలి బడిలో వేద్దామనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి: తల్లుల ఖాతాలో పడే నగదు పథకాలకి ఆ రాష్ట్రంలో ఇంటి నమోదు అడుగుతారు. ఒడిశా రేషన్ కార్డుతో అది రాదు.

ప్రశ్న: బోరునీళ్లతో ఉతికితే తెల్ల చొక్కా మీద పసుపు, తుప్పు మరకలు పడుతున్నాయి. బ్లీచింగు వేస్తే ఇంకా ముదిరాయి. ప్రతి ఏడూ కొత్తది కొనాల్సి వస్తోంది.

నీళ్లలో ఇనుము ఉంది. బ్లీచింగు దాన్ని తుప్పుగా మార్చి గుడ్డలో నిలబెడుతుంది, అందుకే ముదిరింది. బ్లీచింగు పూర్తిగా మానేయండి. నీళ్లు బకెట్‌లో రాత్రంతా కదపకుండా ఉంచితే ఇనుము ఎర్రటి గసిలా అడుగున చేరుతుంది. పైన తేరిన నీళ్లే వంచుకుని ఉతకండి. ఉన్న మరకకి నిమ్మరసం, ఉప్పు పట్టించి గంటసేపు ఎండలో పెట్టి, తేరిన నీళ్లలో జాడించండి. మొండిదైతే మూడు నాలుగు సార్లు చేయాలి. నీలిమందు మరక పోయాకే పెట్టండి. తుప్పు మీద పెడితే చొక్కా మాసిన బూడిద రంగులోకి తిరుగుతుంది.